మొదటి ముద్దుకు గోల్కొండ పనికిరాదు

హైదరాబాదులో మొదటి ముద్దుకు తగిన చోటు చెప్పమని అడుగుతూ, అక్కడ వ్యూ బాగుండాలని మీరు ఒక షరతు కూడా పెట్టారు. చిక్కంతా ఆ షరతుతోనే వస్తుందని నా గట్టి అభిప్రాయం. వ్యూ బాగున్న చోటికి మీరిద్దరే రారు, ఊరంతా వస్తుంది.

2006 డిసెంబరులో, ఇప్పుడు నా భర్తగా ఉన్న మనిషి కూడా వ్యూ గురించే ఆలోచించి నన్ను గోల్కొండకు తీసుకువెళ్లాడు. కోట శిఖరాన ఉన్న బాలా హిస్సార్ మీది నుంచి సూర్యాస్తమయం చూపించాలని, ఆ వెలుగులో అడగవలసినది అడగాలని అతని పథకం. కొత్త చెప్పులు కరుస్తుంటే మూడు వందలకు పైగా మెట్లు ఎక్కాను. పైన గోడ వారన ఎవరూ లేని మూల ఒకటి దొరికింది. అతను రెండుసార్లు గొంతు సవరించుకొని, మూడోసారి నా వైపు తిరిగాడో లేదో, మా చెవి పక్కనే ఎవరో చప్పట్లు చరిచినట్టు వినిపించి ఇద్దరం ఉలిక్కిపడ్డాం. కింద, దాదాపు కిలోమీటరు దూరంలో, ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి ఒక గైడు చప్పట్లు కొట్టి పర్యాటకులకు కోట గొప్పతనం వినిపిస్తున్నాడు. శత్రువు గడప దాటితే పైనున్న రాజుకు తెలియాలని కుతుబ్ షాహీలు చేసిన ఏర్పాటు అది. ఎవరూ గుట్టుగా ఏమీ చేయలేకుండా కట్టిన కోటను వెతుక్కుంటూ వెళ్లాం మేము. అంతలో బడిపిల్లల గుంపొకటి పైకి వచ్చి, కిందివాళ్లకు వినిపించాలని తామూ చప్పట్లు మొదలుపెట్టింది. చివరికి కాపలాదారు వచ్చి "టైమైంది, దిగుండ్రి" అన్నాడు. కోట అయిదున్నరకే మూసేస్తారు, డిసెంబరులో సూర్యుడు ఆ తరువాత గాని అస్తమించడు. ఆ లెక్క అతను ముందుగా వేసుకోలేదు.

మిగిలిన చోట్ల సంగతీ అంతే. ట్యాంక్‌బండ్ మీద గులాబీలు అమ్మేవాళ్లు కొనేదాకా వదలరు, వేసవిలో గాలి ఇటు తిరిగిందంటే హుస్సేన్‌సాగర్ వాసనకు ముద్దు మాట దేవుడెరుగు, మాట్లాడడమే కష్టం. 1992 నుంచి నీళ్ల నడుమ నిలబడి ఉన్న బుద్ధుడు ఒక్కడే అక్కడ మిమ్మల్ని పట్టించుకోనివాడు. 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన మీద ఎటు తిరిగినా ఎవరిదో ఒకరి సెల్ఫీలో పడతారు. ఇక పార్కులా? ఒక పార్కు గేటు దగ్గర మమ్మల్ని పెళ్లయిందా అని అడిగారు. పెళ్లయిన వాళ్లకు పార్కులో కూర్చునే తీరిక ఎక్కడిది?

నన్ను అడిగితే, ఖాళీకి ఒక టైమ్‌టేబుల్ ఉన్న చోటును ఎంచుకోవాలి. ఆ రోజు కోట దిగి, నన్ను బండి ఎక్కించడానికి అతను నెక్లెస్ రోడ్ ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైలు స్టేషనుకు వచ్చాడు. మేము ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి లింగంపల్లి బండి వెళ్లిపోతూ ఉంది, దిగినవాళ్లు రెండు నిమిషాల్లో చెదిరిపోయారు. తరువాతి బండికి అరగంట. బెంచీ మీద కూర్చొని కాగితం పొట్లంలోని పల్లీలు తింటూ ఉండగా, అతను పొట్లం అడుగున మిగిలిన ఉప్పును వేలితో కెలుకుతూ, "ఇప్పుడు అడగనా?" అన్నాడు. "అడగడానికి కోట ఎక్కాలా?" అన్నాను. నాకు ఈనాటికీ గుర్తున్నది ఆ ఉప్పు రుచే.

అయితే అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది, నేడు ప్రతి స్తంభానికీ ఒక కెమెరా కనిపిస్తోంది. బహిరంగ ప్రదేశంలో అసభ్యంగా ప్రవర్తించి ఇతరులకు చిరాకు కలిగిస్తే, పాత శిక్షాస్మృతి 294వ సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి అమలవుతున్న న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ముద్దు అన్న మాట అందులో లేదు గాని, చిరాకు పడడానికి మన ఊళ్లో మనుషులకు కొదవ లేదు. కాబట్టి ఆ అమ్మాయిని ముందు అడగండి, అటూ ఇటూ చూసుకోండి, క్షణంలో ముగించండి. పల్లీలు పరవాలేదు గాని, ఉల్లిపాయ ముక్కలు కూరిన మిర్చి బజ్జీ మాత్రం ఆ సాయంత్రానికి వద్దు.