మీ బావగారిని 20×50 కొననివ్వకండి

మీ ప్రశ్న సారాంశం ఇది: డల్లాస్‌లో ఉండే మీ బావగారు నవంబరులో స్నేహితులతో కలిసి జింకల వేటకు వెళ్తున్నారు. మూడు వందల డాలర్ల లోపు మంచి బైనాక్యులర్ కావాలి. ఆన్‌లైన్‌లో 20×50 (ఇరవై రెట్లు పెంచి చూపేది, ముందు కటకం వెడల్పు 50 మిల్లీమీటర్లు) ఒకటి చవకగా కనిపించింది, అది తీసుకోవచ్చా, లేక మీరే చెన్నైలో కొని పంపాలా?

నేను ఎప్పుడూ వేటకు వెళ్ళలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న మన దేశంలో ఆ మాటే లేదు, వెళ్ళాలన్న కోరికా నాకు లేదు. కానీ పదహారేళ్ళుగా చెన్నైలోని వేళచ్చేరిలో ఉంటూ పళ్ళికరణై చిత్తడి నేల ఒడ్డున పక్షులను చూస్తున్నాను. జింకయినా కొంగయినా నిశ్చింతగా బయటికి వచ్చేది తెల్లవారుజామునా, పొద్దుగూకే వేళా. టెక్సాస్‌లో జింకల వేటకు సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా అనుమతి ఉంటుంది. ఆ రెండు అరగంటల్లో పనికివచ్చేదే మంచి బైనాక్యులర్. మిట్టమధ్యాహ్నం ఏదైనా బాగానే చూపిస్తుంది.

నేను మొదట కొన్నది కూడా 20×50 బైనాక్యులరే. దుకాణంలో అతను దాన్ని నా చేతికిచ్చి, రోడ్డు అవతలి సైన్‌బోర్డు మీది ఫోను నంబరు చదవమన్నాడు. మండుటెండలో ఇట్టే చదివాను. ఇరవై రెట్లు అన్న మాటకు పడిపోయి వెంటనే డబ్బు కట్టేశాను.

ఆ జనవరిలోనే ఒక సాయంత్రం చిత్తడి నేల దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డాను. ఆరు దాటింది, సూర్యుడు దిగిపోయాడు. జమ్ము గడ్డిలో ఏదో కదిలింది. బైనాక్యులర్ ఎత్తాను. ముందు ఆ చోటే దొరకలేదు, ఎందుకంటే ఇరవై రెట్లు పెంచి చూపే దానిలో కనిపించే మేర చాలా చిన్నది. దొరికాక చూస్తే అంతా నల్లటి ముద్ద. పైగా చేతి వణుకు కూడా ఇరవై రెట్లయి జమ్మంతా ఊగిపోతోంది. గాలి పెరుంగుడి చెత్త దిబ్బ మీదుగా వీస్తోంది, ముక్కు మూసుకుందామన్నా చేతులు ఖాళీ లేవు. వెనక కార్లవాళ్ళు అదే పనిగా హారన్లు. ఈ హారన్ల గురించి ఒక మాట చెప్పాలి. 2022లో ఈ చోటుకు రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అని. దాని పక్కనే బండి ఆపి, ఫ్లెమింగోలు లేస్తే ఫొటో బాగుంటుందని హారన్ కొట్టేవాళ్ళను నా కళ్ళతో చూశాను. మేత మేస్తున్న పక్షిని లేపడం దాని నోటి దగ్గరి తిండి లాగేసుకోవడమే.

సరే, ఆ సాయంత్రం నా పక్కనే ఒక పెద్దాయన ఉన్నారు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన తెలుగాయన. మెడలో పాత జపాన్ 7×35, తోలు పట్టీ చీలిపోయి దారంతో కుట్టి ఉంది. నా అవస్థ చూసి "ముందు దీంతో చూడండి బాబూ" అని తీసి ఇచ్చారు. ఏడు రెట్లతో ఏం కనిపిస్తుందిలే అనుకుంటూనే కళ్ళకు ఆనించాను. చీకటి ఒక్కసారి విడిపోయినట్టయింది. జమ్ము ఆకులు విడివిడిగా కనిపించాయి. వాటి మధ్య పసుపు బిటర్న్, చిన్న కొంగ లాంటి పక్షి, మెడ నిలువునా చాచి ముక్కు ఆకాశానికి ఎత్తి నిలబడి ఉంది. గొంతు మీది గోధుమరంగు చారలు ఎండిన జమ్ము కాడల్లో కలిసిపోయాయి. గాలికి జమ్ము ఊగితే అదీ ఊగింది, జమ్ము ఆగితే అదీ ఆగింది. నా దానిలో నల్లటి ముద్దగా కనిపించింది ఇదే.

ఆయన రెండు బైనాక్యులర్లనూ చేయి చాచి పట్టుకోమన్నారు. కళ్ళు పెట్టే వైపు నుంచి మిగిలిన ఆకాశం కేసి చూస్తే, అద్దంలో ఒక గుండ్రటి వెలుతురు చుక్క కనిపిస్తుంది. ఆయన దానిలో చుక్క కందిగింజంత ఉంది, నా దానిలో ఆవగింజంత. రెండో సంఖ్యను మొదటి సంఖ్యతో భాగిస్తే ఆ చుక్క వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుంది. 35ను 7తో భాగిస్తే 5. 50ను 20తో భాగిస్తే 2.5. వెడల్పు సగమైతే కంటిలోకి దిగే వెలుతురు నాలుగో వంతు. చీకట్లో కుర్రవాళ్ళ కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అంత తెరుచుకున్న కంటికి ఆవగింజంత వెలుతురు ఏ మూలకు?

అందుకే నా జవాబు 8×42. చుక్క 5.25 మిల్లీమీటర్లు, చేతిలో నిలకడగా ఉంటుంది. అక్కడి వేటగాళ్ళలో చాలామంది 10×42 అంటారు, బయలు ప్రదేశంలో దూరాలు ఎక్కువని వాళ్ళ వాదన. నేను ఒప్పుకోను. జింక దూరంలో ఉందని కాదు, మసక వెలుతురులో పొద చాటున ఉందని కనిపించదు. వార్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ 8×42, నికాన్ మోనార్క్ ఎం5 8×42, రెండూ దాదాపు మీరు చెప్పిన ధరలోనే అక్కడ దొరుకుతాయి. వీటి పట్టకాలకు, అంటే లోపల వెలుతురును మళ్ళించే గాజు దిమ్మలకు, ఫేజ్ కోటింగ్ అనే పూత ఉంటుంది. గొట్టాలు నిటారుగా ఉండే ఈ రకం బైనాక్యులర్లలో ఆ పూత లేకపోతే సన్నటి వివరాలు మసకబారతాయి. 1988లో జైస్ అనే జర్మన్ కంపెనీ ఖరీదైన వాటిలో తెచ్చిన పూత అది, ఇప్పుడు మధ్యతరగతి ధరకు దిగింది. వెలుతురు చుక్క గుండ్రంగా కాక అంచులు చెక్కేసినట్టు పలకలుగా కనిపిస్తే మాత్రం పట్టకాలు నాసిరకం, అది వద్దు.

లోపలికి తేమ చేరకుండా నైట్రోజనో ఆర్గానో నింపి సీలు వేసినదే తీసుకోమనండి. నా 20×50కి ఆ సీలు లేదు. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి అద్దం మీద సాలెగూడులా బూజు అల్లుకుంది. విప్పి తుడవబోతే రెండు గొట్టాల వరస చెడి, ఒక్క పక్షి రెండుగా కనిపించి తలనొప్పి వచ్చేది. డల్లాస్‌లో మన చెన్నై ఉక్కపోత ఉండకపోవచ్చు కానీ, వేకువ చలిలోంచి వెచ్చటి కారులోకి తెచ్చినప్పుడల్లా ఆ సీలు విలువ తెలుస్తుంది. ఆయనకు కళ్ళజోడు ఉంటే ఐ రిలీఫ్, అంటే బొమ్మ పూర్తిగా కనిపించడానికి కంటికీ అద్దానికీ మధ్య ఉండే దూరం, 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

ఇక్కడ కొని పంపడం అనవసరం. వారంటీ అక్కడిది అక్కడే పనికివస్తుంది. వార్టెక్స్ వాళ్ళు జీవితకాల వారంటీ ఇస్తారు, రసీదు కూడా అడగరు.

ఒక్క మాట మాత్రం తప్పకుండా ఆయనకు చెప్పండి. తుపాకీ మీద గురి చూసే స్కోపు ఉంది కదా, దానితోనే చూస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. స్కోపు ఎటు తిరిగితే తుపాకీ గొట్టం కూడా అటే తిరుగుతుంది. పొద వెనక కదిలింది జింకో మనిషో తేల్చుకోవలసింది బైనాక్యులర్‌తోనే. డబ్బు గురించి ఎన్ని ఆలోచించినా, అది కొనడానికి అసలు కారణం ఇదే.

కొన్న రోజే కుడి కంటి దగ్గర ఉండే చక్రాన్ని సరిచేసుకోమనండి. కుడి కటకాన్ని అరచేత్తో మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టంగా కనిపించేలా తిప్పాలి. తర్వాత ఎడమది మూసి, కుడి చక్రాన్ని మాత్రమే తిప్పాలి. రెండు నిమిషాల పని. పళ్ళికరణైకి ఖరీదైన బైనాక్యులర్లతో వచ్చేవాళ్ళలో సగం మంది ఆ చక్రాన్ని ఏనాడూ ముట్టుకోరు. కళ్ళు లాగుతున్నాయని ఒక గంటకే వెళ్ళిపోతారు, సరిగ్గా పక్షులు వచ్చే వేళకు.

దుకాణంలో చూసేటప్పుడు దీపాల కింద చూడవద్దు. సాయంత్రం వెళ్ళి, వాళ్ళనడిగి తలుపు బయటికి తెచ్చుకొని, ఏ చెట్టు కిందనైనా నీడ బాగా నల్లబడిన చోటు చూడమనండి. ఆ నీడలో ఆకులు విడివిడిగా కనిపించినదే కొనమనండి.