ముందు గోల లేని చోట చూడండి

మీ ఐదేళ్ల బాబు క్లాసులో చెవులు మూసుకుని పక్కపిల్లల్ని తోసేస్తున్నాడని, రిపోర్టులో 'సోషల్‌గా వెనకబడ్డాడు' అని రాశారని అడిగారు కదా. ఆ ఒక్క కాగితంతో తేల్చేసుకోకండి. గోలగా ఉన్న గదిలో చూస్తే వాడు గోలని ఎంత తట్టుకోగలడో తెలుస్తుంది గానీ స్నేహం చేయగలడో లేదో తెలియదు.

ప్రశాంతంగా ఉన్నచోట ఒక్క పిల్లాడితో ఆడుకోనిచ్చి గమనించండి: తన వంతు కోసం ఆగుతున్నాడా, అవతలివాడు ఏడిస్తే వాడి ముఖంలోకి చూస్తున్నాడా, బొమ్మ తెచ్చి చేతిలో పెడుతున్నాడా. తోసిన ప్రతిసారీ అంతకుముందు ఏం జరిగిందో రాసుకోండి, వెనకనుంచి ఎవరైనా తగిలారా, బెల్లు మోగిందా అని. పిల్లల ప్రవర్తన, భావోద్వేగాలు, స్నేహాల గురించి అడిగే ఎస్‌డీక్యూ అనే 25 ప్రశ్నల ఫారం మీరూ టీచరూ విడివిడిగా నింపండి, ఇబ్బంది స్కూల్లోనేనా, ఇంట్లో కూడానా అన్నది చాలావరకు బయటపడుతుంది. దాంతోపాటు సెన్సరీ ప్రొఫైల్ (శబ్దం, స్పర్శ లాంటివాటికి పిల్లాడు ఎలా స్పందిస్తున్నాడో చూసే ప్రశ్నావళి) కూడా చేయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడమని ఆక్యుపేషనల్ థెరపిస్టుని (రోజువారీ పనుల్లో ఇబ్బందిపడే పిల్లలకి సాయపడే నిపుణులు) గట్టిగా అడగండి.