సమాధానం: ట్యూబు రాస్తే తగ్గి, మానితే పెరిగే నడుం మచ్చ

పర్లాకిమిడి మిత్రులకు: నాన్నగారి నడుం మీద దురదపెట్టే గుండ్రటి మచ్చ, షాపువాడిచ్చిన ట్యూబుతో నాలుగు రోజుల్లో తగ్గి, మానగానే రెట్టింపైందన్నారు. చాలావరకు తామరే, అంటే శిలీంధ్రం (ఫంగస్) వల్ల వచ్చే చర్మజబ్బు.

అంచు చూడండి. తామరైతే అంచు ఎర్రగా ఉబ్బి పొట్టు రాలుతుంది, నడిమి భాగం తేటపడుతుంది. శిలీంధ్రం పైచర్మంలోని కెరటిన్‌ అనే మాంసకృత్తిని తింటూ బయటికి పాకుతుంది, అందుకే ఉంగరం ఆకారం. ఇక ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరుందేమో చదవండి. అవి స్టెరాయిడ్లు. దురదనూ ఎరుపునూ అణుస్తాయి గానీ శిలీంధ్రాన్ని చంపవు. పైగా ఒంటి కాపలా సడలి అది ఇంకా పాకుతుంది. ఉంగరం చెరిగిపోయి డాక్టరుకే పోల్చుకోవడం కష్టమవుతుంది.

ట్యూబు ఆపండి. ఆపాక కొన్నాళ్లు దురద ఎక్కువ కావచ్చు, బెదిరి మళ్లీ రాయకండి. చర్మవైద్యుడి దగ్గర అంచు పొట్టు గీకించి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కేసి సూక్ష్మదర్శినిలో చూడమనండి. మధ్యలో గీకితే శిలీంధ్రపు పోగులు దొరకకపోవచ్చు. ఇంత పాకాక శిలీంధ్రాన్ని చంపే క్రీము ఒక్కటే చాలదు, మాత్రలు రాస్తారు. కాలేయ జబ్బు, వాడే మందులు ముందే చెప్పండి. క్రీము మచ్చ దాటి 2 సెంటీమీటర్ల వరకు రాయాలి.

మొలతాడు తీసేయించండి, తడి అక్కడే నిలుస్తుంది. తువ్వాలు ఎవరిది వారికే.

మీరు రాసిన మీ బావగారి చేతిమీది దురదలేని పాలిపోయిన మచ్చ మాత్రం వేరు. దూది కొస తాకిస్తే తెలియకపోతే కుష్ఠు అనుమానించాలి, సూక్ష్మజీవి నరాల్ని పట్టేస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం, ఈ వారమే తీసుకెళ్లండి.