గ్రాండ్ కెన్యాన్‌లో రాఫ్టింగ్: ఈత సంగతి తర్వాత, ముందు మీ మందుల సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 61. గుంటూరు దగ్గర హైస్కూల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నేను, మా ఆవిడ అమెరికాలోని ఫీనిక్స్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. జూన్‌లో అందరం కలిసి గ్రాండ్ కెన్యాన్‌లో కొలరాడో నది మీద 5 రోజుల రాఫ్టింగ్‌కి వెళ్దామని వాడు బుక్ చేశాడు. లీస్ ఫెర్రీ దగ్గర పడవెక్కి, లోయ అడుగునున్న ఫాంటమ్ రాంచ్ దగ్గర దిగి, అక్కడి నుంచి నడిచి పైకి రావాలట. నాకు పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర ఒకటి, టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర ఒకటి వాడుతున్నాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 7.4. గుండె జబ్బు లేదు. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి. నాకు ఈత రాదు, టెన్షనంతా దాని గురించే. మా ఆవిడకి 56, థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది, తరచూ యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తుంటుంది. మేం వెళ్లొచ్చా? బీపీ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సి వస్తుంది, ఆ 5 రోజులు మానేస్తే ఏమన్నా అవుతుందా? మా అబ్బాయేమో ‘అలిపిరి మెట్లు ఎక్కినవాడివి, నీకేం కాదు నాన్నా’ అంటున్నాడు.

జవాబు: మాస్టారూ, నది మీదకి మీరు వెళ్లొచ్చు. కానీ మీ అబ్బాయి బుక్ చేసిన ఈ ట్రిప్ మాత్రం వద్దు. పడవ వల్లా, నీళ్ల వల్లా కాదు, చివరి రోజు నడక వల్ల.

ఆ నడక ఎలాంటిదో మీకు సరిగ్గా చెప్పినట్టు లేరు. ఫాంటమ్ రాంచ్ నుంచి బ్రైట్ ఏంజెల్ దారిలో పైకి రావడమంటే దాదాపు 16 కిలోమీటర్లు, 1,300 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కడం. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు, 9 కిలోమీటర్ల దారి, చాలా వరకు పైన కప్పు, దారి పొడుగునా నీళ్లు, కూర్చోవడానికి నీడ. పైగా చాలామంది తెల్లవారుజామునో సాయంత్రమో ఎక్కుతారు. గ్రాండ్ కెన్యాన్‌లో ఎత్తు అంతకన్నా చాలా ఎక్కువ, నీడ తక్కువ, జూన్‌లో లోయ అడుగున 40 డిగ్రీలు దాటడం మామూలు. పైన గట్టు మీద చల్లగా ఉంటుంది కాబట్టి కింద అంత వేడి ఉంటుందని చాలామంది ఊహించరు. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోయలో నడవొద్దని పార్కువాళ్లే చెబుతారు. పదేళ్ల షుగర్, నీళ్లు బయటికి పంపే బీపీ మాత్ర, నొప్పి పెట్టే మోకాళ్లు ఉన్న 61 ఏళ్ల మనిషిని, అదీ 4 రాత్రులు ఇసుక మీద పడుకుని లేచాక, ఆ దారిలో పంపడానికి నేను ఒప్పుకోను. ఫాంటమ్ రాంచ్‌కి నడిచి దిగి అక్కడ పడవెక్కే ట్రిప్పులు కూడా ఉంటాయి. అవీ మీకు వద్దు, మీ మోకాళ్లకి దిగడమే ఎక్కువ బాధ.

ఇప్పుడు ఈత గురించి. ఈత రాకపోవడం ఒక్కటే కారణంగా నేను ఎవరినీ ఆపను. అక్కడ పడవలో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ తప్పనిసరి, ఆ ప్రవాహంలో మనిషిని తేల్చేది అదే. ఎంత ఈత వచ్చినా ర్యాపిడ్ (రాళ్ల మధ్య నీళ్లు ఉరవడిగా దూకే చోటు) మధ్యలో నీటికి ఎదురీదడం ఎవరివల్లా కాదు. కాబట్టి పట్టీలన్నీ బిగించుకోండి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ గడ్డం దాకా రాకూడదు, వేడిగా ఉందని మధ్యలో వదులు చేసుకోకూడదు. అసలు భయపడాల్సింది నీటి చల్లదనానికి. నదికి ఎగువన ఉన్న గ్లెన్ కెన్యాన్ డ్యామ్ 1963లో నీటిని ఆపడం మొదలుపెట్టినప్పటి నుంచీ కిందికి వదిలేది జలాశయం లోతుల్లోని నీరే. బయట ఎండ మండుతున్నా నీళ్లు సాధారణంగా 10 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి (జలాశయం బాగా అడుగంటిన ఏళ్లలో కాస్త వెచ్చబడతాయి). అంత చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పడితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని గట్టిగా ఊపిరి లాగేస్తాం, గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరుగుతాయి. నీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరి అయ్యేది అప్పుడే. ఇదంతా సుమారు ఒక నిమిషంలో తగ్గుతుంది. ఆ నిమిషం కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా, నోరు మూసుకుని ముఖం నీటి పైన ఉంచుకోవడమే మీ పని. వెల్లకిలా తేలండి, కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు చాపి ఉంచండి, అడుగు తగులుతోంది కదా అని లేచి నిలబడొద్దు, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకి తోసేసి నీళ్లలో ముంచేస్తుంది. ఓ 10 నిమిషాలు దాటితే చేతుల్లో పట్టు తగ్గుతుంది కాబట్టి విసిరిన తాడు అందగానే పట్టుకోండి. గైడ్ మొదటి రోజు ఇవన్నీ ఇంగ్లిష్‌లో గబగబా చెప్పేస్తారు. ముందే మీ అబ్బాయిని కూర్చోబెట్టి తెలుగులో ఒకటికి రెండుసార్లు చెప్పించుకోండి, మీ ఆవిడ కూడా పక్కనే ఉండి వినాలి.

చల్లటి నీళ్లు గుండె మీద ఇంత పని పెడతాయి కాబట్టే వెళ్లేముందు ఒక ఈసీజీ, మీ వయసుకీ పదేళ్ల షుగర్‌కీ ఒక ట్రెడ్‌మిల్ టెస్ట్ అడుగుతున్నాను. షుగర్ ఉన్నవాళ్లకి గుండె నొప్పి నొప్పిలా తెలియకపోవచ్చు, ఆయాసంగానో విపరీతమైన నీరసంగానో బయటపడొచ్చు. మెట్లెక్కితే ఛాతీలో పట్టేసినట్టు ఉండేవాళ్లు, ఈ మధ్య నెలల్లో గుండెపోటు వచ్చిన లేదా స్టెంట్ వేయించుకున్న వాళ్లు, బీపీ 160/100 కన్నా కిందికి రానివాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, షుగర్ వల్ల కంటి లోపల రక్తస్రావం అయినవాళ్లు, అరికాళ్లలో పుండ్లు ఉన్నవాళ్లు తమ డాక్టరు ఒప్పుకోకుండా టికెట్ కొనొద్దు. మీకు వీటిలో ఏదీ ఉన్నట్టు రాయలేదు. అయినా కళ్ల పరీక్ష చేయించుకుని ఏడాది దాటితే అది కూడా ఇప్పుడే చేయించుకోండి.

ఇక మీ మాత్రలు. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది వీటి గురించే.

బీపీ మాత్ర మీ అంతట మీరు మానేయొద్దు. ఒక పూట మానేస్తే ఏమీ తెలియదు, 5 రోజులు మానేస్తే బీపీ పెరుగుతుంది, ఆ పెరిగిన బీపీతోనే మీరు చల్లటి నీళ్లలో తడుస్తారు. కానీ మీరు అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. మీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ద్వారా ఉప్పునీ నీటినీ బయటికి పంపే మందు. ఒకపక్క ఎండకి చెమట పడుతుంది, ఇంకోపక్క ఈ మందు ఉప్పు లాగేస్తుంది, దాహం వేస్తోందని మీరు ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగుతారు. అప్పుడు రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మాట తడబడటం, అయోమయం, ముదిరితే ఫిట్స్. ఇది వడదెబ్బలాగే కనిపిస్తుంది కాబట్టి పక్కనున్నవాళ్లు ఇంకా నీళ్లు తాగిస్తారు, దాంతో ఇంకా ముదురుతుంది. ఈ లోయలో నడిచేవాళ్లలో ఇది బాగా తెలిసిన ప్రమాదం. అందుకని ట్రిప్‌కి 3, 4 వారాల ముందే మీ డాక్టరుతో మాట్లాడండి, ఆ రోజుల వరకు హైడ్రోక్లోరోథయాజైడ్ లేకుండా ఉత్త టెల్మిసార్టన్‌కి మార్చొచ్చా అని అడగండి. మార్చాక ఇంట్లో రోజూ బీపీ చూసుకుని రాసి పెట్టుకోండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), సోడియం, పొటాషియం పరీక్షలు అప్పుడే చేయించండి.

నది మీద దాహాన్ని బట్టి తాగండి, తాగిన ప్రతిసారీ కాకపోయినా గంటకోసారి ఉప్పగా ఏదో ఒకటి నోట్లో వేసుకోండి, వేయించిన వేరుశెనగలో, కారప్పూసో. బీపీ ఉంది ఉప్పు తినకూడదు అని ఇంట్లో పాటించే పట్టుదల ఆ ఎండలో వద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్లండి. అందులో చక్కెర ఉంటుందని షుగర్ ఉన్నవాళ్లు భయపడతారు గానీ, లీటరుకి ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే. మన మెడికల్ షాపుల్లో డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు మాత్రం ఓఆర్‌ఎస్ కాదు, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

షుగర్ మాత్రలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే నాకు ఇంత బెంగ ఉండేది కాదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, తిండి ఆలస్యమైనా, ఒంటికి శ్రమ పెరిగినా షుగర్‌ని కిందికి లాగేస్తుంది. పడవలో మధ్యాహ్న భోజనం ఏ ఒడ్డున ఎప్పుడు పెడతారో నది మీద ఆధారపడి ఉంటుంది. చెమట, వణుకు, గుండె దడ ఇవన్నీ లో షుగర్ లక్షణాలు, కానీ ర్యాపిడ్ దాటుతున్నప్పుడు భయానికీ చలికీ కూడా అవే వస్తాయి కాబట్టి మీరు గుర్తుపట్టలేకపోవచ్చు. ఆ రోజులకి డోసు తగ్గించాలా అన్నది మీ డాక్టరుతో ముందే తేల్చుకోండి. పడవెక్కే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి షుగర్ చూసుకోండి. 70 కన్నా తగ్గితే 4 గ్లూకోజ్ బిళ్లలు నమలండి, లేదా 3 టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగండి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. బిళ్లలు సంచిలో కాదు, లైఫ్ జాకెట్ కింద మీరు వేసుకున్న చొక్కా జేబులో జిప్‌లాక్ కవర్లో ఉండాలి, ఎందుకంటే పెద్ద సంచులన్నీ తాళ్లతో కట్టేస్తారు, సాయంత్రం దాకా విప్పరు. గ్లూకోమీటరు, స్ట్రిప్పులు ఎండలో పెడితే రీడింగ్ తప్పు చూపిస్తాయి. ఇన్సులిన్ వాడే పాఠకులకి ఇదే మాట ఇంకా గట్టిగా చెబుతున్నాను, వేడికి చెడిపోతుంది, మంచు గడ్డకి నేరుగా తగిలినా చెడిపోతుంది.

వాంతులో విరేచనాలో పట్టుకుంటే, తిండీ నీళ్లూ నిలవకపోతే, ఆ రోజు మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్, నీళ్ల మాత్ర ఆపాల్సి రావొచ్చు, లేదంటే కిడ్నీల మీద దెబ్బ పడొచ్చు, మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు వాడేవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది. అలాంటి రోజు ఏది ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అన్నది మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని వెళ్లండి, లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇదేదో ఎప్పుడో జరిగేది కాదు, 2022లో ఆ నది మీద వెళ్లిన చాలామందికి వాంతులు, విరేచనాలు అంటుకున్నాయి. కారణమైన నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచేయదు, తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

మీ ఆవిడ గారి విషయం. మన ఆడవాళ్లు బయటికి వెళ్తే బాత్రూమ్ దొరకదని నీళ్లు తాగడం మానేస్తారు, వచ్చింది ఆపుకుంటారు. తరచూ ఇన్‌ఫెక్షన్ వచ్చేవాళ్లకి 5 రోజులు అలా గడిస్తే జ్వరంతోనే ఇంటికి వస్తారు. అక్కడి పద్ధతి ముందే తెలిస్తే మొహమాటం సగం తగ్గుతుంది. మూత్రం నదిలోనే పోయాలన్నది అక్కడ పార్కు నియమం, ఒడ్డున ఇసుకలో పోస్తే వానలు తక్కువ కాబట్టి వాసన అలాగే ఉండిపోతుంది. పడవ ఆగినప్పుడు ఆడవాళ్లు ఎగువ వైపు, మగవాళ్లు దిగువ వైపు వెళ్తారు. మలవిసర్జనకి మాత్రం రాత్రి దిగిన చోట చాటుగా ఒక పెట్టె టాయిలెట్ పెడతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, గైడ్లకి ఇది రోజూ ఉండేదే. వదులుగా ఉండే ప్యాంటు, పైన చుట్టుకోవడానికి ఒక లుంగీ లాంటి బట్ట తీసుకెళ్లమనండి. తడి బట్టలతో సాయంత్రం దాకా ఉండొద్దు. ఇన్‌ఫెక్షన్ వస్తే ఏ మందు వేసుకోవాలో ముందే డాక్టరుని అడిగి వెంట పెట్టుకోవాలి. థైరాయిడ్ మాత్ర మామూలుగానే పొద్దున్నే పరగడుపున.

మీ పాదాలకి స్పర్శ ఎలా ఉందో ఒకసారి పరీక్ష చేయించండి. తిమ్మిర్లు ఉన్నవాళ్లకి మధ్యాహ్నపు ఇసుక కాలినా తెలియదు. చెప్పుల్లేకుండా ఒడ్డున కూడా నడవొద్దు. రోజంతా తడి, సాయంత్రం ఇసుక, దాంతో వేళ్ల మధ్య చర్మం పగులుతుంది, రాత్రి కడిగి తుడిచి క్రీమ్ రాసి పొడి సాక్సు వేసుకోండి.

ఫారంలో ఆరోగ్యం గురించి అడిగిన చోట షుగర్, బీపీ దాచకండి. రానివ్వరేమోనని చాలామంది ‘ఏమీ లేదు’ అని రాసేస్తారు. లోయలో ఏదైనా జరిగితే శాటిలైట్ ఫోన్ చేసి హెలికాప్టర్ రప్పించాలి, దానికి గంటలు పడుతుంది, గాలి ఎక్కువున్నా చీకటి పడినా ఇంకా ఆలస్యం. అప్పటిదాకా మిమ్మల్ని చూసుకోవాల్సింది ఆ గైడే. మీకు ఏముందో, బిళ్లలు ఎక్కడున్నాయో అతనికి తెలియాలి. మందులు రెండు భాగాలు చేసి నీళ్లు చొరబడని రెండు డ్రై బ్యాగుల్లో పెట్టండి, ఒకటి నీళ్లపాలైనా రెండోది ఉంటుంది. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం మీ అబ్బాయి చేత చదివించండి, పాత జబ్బులకి, రాఫ్టింగ్ లాంటి వాటికి వర్తించని పాలసీలు చాలా ఉన్నాయి.

మరి ఏ ట్రిప్ అంటే, నడక లేనిది. అక్కడి ఆదివాసులైన హువాలపాయ్ తెగవాళ్లు డైమండ్ క్రీక్ నుంచి నడిపే ఒక రోజు ట్రిప్‌లో నిజమైన ర్యాపిడ్స్ ఉంటాయి, రాత్రికి గదికి వచ్చేస్తారు. మీ పరీక్షలన్నీ బాగుంటే నా ఓటు దానికే. అది కూడా జూన్‌లో కాకుండా సెప్టెంబరు చివర్లో అయితే ఎండ కాస్త తగ్గుతుంది. మీ ఆవిడకి భయంగా ఉంటే గ్లెన్ కెన్యాన్ డ్యామ్ దిగువ నుంచి లీస్ ఫెర్రీ వరకు 15 మైళ్లు పడవలో తీసుకెళ్తారు, నది గుర్రపు నాడాలా మలుపు తిరిగే హార్స్‌షూ బెండ్ కింద నుంచి వెళ్తుంది, ర్యాపిడ్స్ ఉండవు, ఆ ఎర్రటి గోడలు మాత్రం అవే. మీకు మరీ రోజుల తరబడి నది మీద ఉండాలనే ఉంటే పైకి నడిచే పని లేని మోటారు పడవ ట్రిప్పులు అడగండి, అందరూ తెడ్డు వేయాల్సిన పడవ మాత్రం మొదటిసారికి వద్దు.

మన ఊళ్ల నుంచి రాఫ్టింగ్‌కి రిషికేశ్ వెళ్దామనుకునే పాఠకులకి కూడా గంగ చల్లదనం, మందుల జాగ్రత్తలు ఇవే. అక్కడ పక్కనే రోడ్డు ఉంటుంది, కొన్ని గంటల్లో అయిపోతుంది కాబట్టి ప్రమాదం కొంత తక్కువ.

క్రియాటినిన్, సోడియం, పొటాషియం, ట్రెడ్‌మిల్ రిపోర్టులు వచ్చాక, వాటితోపాటు వారం రోజుల బీపీ, షుగర్ రీడింగులు కూడా రాసి పంపండి. అవి చూసి, జూన్ బుకింగ్ రద్దు చేసుకోవడానికి డాక్టరు ఉత్తరం కావాలంటే అందులో ఏమేం ఉండాలో చెబుతాను.