20 నిమిషాలకు ఆగాల్సిన సంపు మోటారు ఆగకపోతే తప్పు 555ది కాదు

ఒక హెచ్‌పీ సంపు మోటారు 20 నిమిషాలకు ఆగేలా మీరు 555 అనే టైమర్ ఐసీ (చిప్)తో టైమర్ చేసుకున్నారు. అది ఒకరోజు 27 నిమిషాలకు ఆపుతోందనీ, మరోరోజు అసలు ఆపడమే లేదనీ, ఐసీ మార్చినా గుణం కనబడలేదనీ, పైగా మోటారును కలిపి విడదీసే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) అతుక్కుపోతోందనీ రాశారు. మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంటుకు టైమర్ చేసినప్పుడు నేనూ ఇదే అవస్థ పడ్డాను. మాకు మంజీరా నీళ్లు (కృష్ణా నుంచి వచ్చినా ఇక్కడ అందరం అనే మాట అదే) రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి, వచ్చిన నీటిని సంపు నుంచి పైకి ఎక్కించే పని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. ఆ భారం తగ్గించబోయి, మొదటి వారంలోనే ట్యాంకు పొంగించి, ఎదురు ఫ్లాటు పెద్దమ్మగారు మేడ మీద ఎండబెట్టుకున్న గుమ్మడి వడియాలు మొత్తం తడిపేశాను.

1971లో హాన్స్ కామెంజిండ్ సిగ్నెటిక్స్ సంస్థ కోసం రూపొందించిన 555 చేసే పని చాలా సులువైనది. ఒక రెసిస్టర్ గుండా కెపాసిటర్ నిండుతూ సప్లై వోల్టేజిలో మూడింట రెండు వంతులకు చేరగానే అది అవుట్‌పుట్‌ను ఆపేస్తుంది. పట్టే సమయం 1.1 × ఆర్ × సి (ఆర్ రెసిస్టర్ విలువ, సి కెపాసిటర్ విలువ). 20 నిమిషాలంటే 1200 సెకన్లు కాబట్టి, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు దాదాపు 1.1 మెగాఓమ్ రెసిస్టర్ కావాలి. కాగితం మీద లెక్క చక్కగా కుదురుతుంది, కాని చిక్కంతా అక్కడే ఉంది. 12 వోల్టుల సప్లైలో కెపాసిటర్ 8 వోల్టులకు దగ్గరపడేసరికి రెసిస్టర్ మీద మిగిలేది 4 వోల్టులే, అంటే లోపలికి వెళ్లే కరెంటు 4 మైక్రోయాంపియర్లకు లోపే. అంత పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ తనలో తానే అంతకంటే ఎక్కువ కరెంటును లీక్ చేసుకోగలదు. ఆ లీకేజీ ఎండకూ చలికీ మారుతుంది, చాలాకాలం వాడని కెపాసిటర్‌లో మరింత ఎక్కువగా ఉంటుంది. నేను మల్టీమీటరు పెట్టి చూస్తే వోల్టేజి మెల్లగా ఎక్కుతూ వచ్చి 7.2 దగ్గర నిలిచిపోయింది. అరగంట గడిచినా 8కి చేరలేదు. కన్నం ఉన్న బిందె ఎప్పటికి నిండుతుంది?

కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల వరకైతే 555ను ఇప్పటికీ నిస్సంకోచంగా వాడతాను. అంతకు మించిన వ్యవధికి, నింపడం మాని లెక్కపెట్టే ఐసీ తీసుకోవడం మంచిది. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే దొరికే సీడీ 4060 ఐసీలో పల్స్‌లు పుట్టించే ఒక ఆసిలేటర్, వాటిని లెక్కపెట్టే 14 అంచెల కౌంటర్ కలిసే ఉంటాయి. దాని 3వ పిన్ 8192 పల్స్‌లు లెక్కపెట్టాక హై అవుతుంది (దాని మీద వోల్టేజి వస్తుంది) కాబట్టి, 20 నిమిషాలకు ఒక్కో పల్స్ 0.146 సెకన్లు ఉంటే చాలు. 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, ఒక మెగాఓమ్ ప్రీసెట్‌ను (తిప్పి విలువ మార్చగల రెసిస్టర్‌ను) సుమారు 640 కిలోఓమ్‌ల దగ్గర ఉంచితే ఆ వేగం వస్తుంది. ఎలక్ట్రోలైటిక్ అవసరం తీరిపోయింది కాబట్టి లీకేజీ గొడవా తీరిపోతుంది.

ఇక రిలే సంగతి. మీరు వాడిన చిన్న నీలిరంగు రిలే మీద 10 యాంపియర్లని రాసి ఉన్నా, ఆ రేటింగు హీటరు వంటి లోడుకు వర్తించేది. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఐదారు యాంపియర్లే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్ల వరకు లాగుతుంది, కాంటాక్టులు కలిసేటప్పుడు లేచే నిప్పురవ్వకు అవి కరిగి అతుక్కుంటాయి. అందువల్ల మోటారును ఏసీ-3 (మోటార్లకు వర్తించే) రేటింగు ఉన్న కాంటాక్టర్‌తో, అంటే పెద్ద లోడ్ల కోసం చేసిన గట్టి రిలేతో, నడపండి. నేను రాణిగంజ్‌లో కొన్నాను. ఎర్ర (ఆపే) బటన్, ట్యాంకు నిండితే విడిపోయే పై ట్యాంకు ఫ్లోట్ స్విచ్, టైమర్ రిలే తాలూకు ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండే) కాంటాక్టు, పచ్చ (స్టార్ట్) బటన్, ఈ నాలుగింటినీ వరుసగా కాంటాక్టర్ కాయిల్‌కు కలిపి, పచ్చ బటన్‌కు సమాంతరంగా కాంటాక్టర్ సొంత ఎన్‌ఓ (మామూలుగా విడిగా ఉండే) కాంటాక్టును ఇవ్వాలి. టైమర్‌కు కరెంటు కాంటాక్టర్ అవుట్‌పుట్ నుంచే తీసుకుంటే, గడువు తీరగానే రిలే లాగి, కాంటాక్టర్ పడిపోయి, టైమర్ కూడా ఆరిపోతుంది. మధ్యలో కరెంటు పోయి వచ్చినా మోటారు తనంతట తాను స్టార్ట్ కాదు, ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన సుఖం. కౌంటర్ ప్రతిసారీ సున్నా నుంచి మొదలయ్యేలా 4060 రీసెట్ పిన్ అయిన 12వ పిన్‌కు సప్లై నుంచి 0.1 మైక్రోఫారడ్, గ్రౌండుకు 100 కిలోఓమ్ పెట్టడం, రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్ 4007 డయోడు వేయడం మరవకండి. 230 వోల్టుల వైరింగ్ అలవాటు లేకపోతే ఆ భాగం మాత్రం ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.

సమయం సరిచేయడానికి ప్రతిసారీ 20 నిమిషాలు గడియారం ముందు కూర్చోనక్కరలేదు. 14వ పిన్ 128 పల్స్‌లకే హై అవుతుంది, అంటే 3వ పిన్ సమయంలో సరిగ్గా 64వ వంతు. అక్కడ ఒక ఎల్‌ఈడీని 4.7 కిలోఓమ్‌తో కలిపి, స్విచ్ వేసిన 18.75 సెకన్లకు వెలిగేలా ప్రీసెట్ తిప్పితే సరిపోతుంది. మోటారు కలపకముందే టేబుల్ మీద ఈ పని ముగించవచ్చు.