పగకు ముందు, పోయిందేమిటో రాయి

తమ్ముడికి,
ఆశీస్సులు.

కొరియా కత్తివీరుల కథల పద్ధతిలో నువ్వు రాసి పంపిన నాలుగు భాగాల వెబ్‌టూన్ (ఫోనులో చదివే బొమ్మల కథ) స్క్రిప్టు చదివాను. కత్తియుద్ధాలు బాగా రాశావు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, దెబ్బ ఎటునుంచి వచ్చిందో ఎక్కడా తికమక లేదు. అది అందరికీ పట్టుబడే విద్య కాదు. కాబట్టి ఈ ఉత్తరంలో యుద్ధాల జోలికి పోను.

నాకు అడ్డుపడింది వేరే. మొదటి భాగంలో ఐదుగురు పెద్దలు కలిసి నీ కథానాయకుడి గురువును చంపి, కత్తివిద్య నేర్పే ఆయన శాఖను తగలబెడతారు. అతనూ చనిపోతాడు. రెండో భాగంలో పదేళ్ల పిల్లవాడిగా, తన సొంత బాల్యంలోనే కళ్లు తెరుస్తాడు. నాలుగో భాగం ముగిసేసరికి ఐదుగురిలో ఇద్దరు హతం. గురువు నోట నువ్వు పలికించింది ఒకే ఒక్క మాట, "పారిపో!" ఆయన ఎలాంటి మనిషో, శిష్యుణ్ణి దేనికి తిట్టేవాడో, దేనికి మురిసిపోయేవాడో నాకు తెలియలేదు. అందుకే ఆ ఇద్దరు నేలకూలినా నాలో ఏ చలనమూ కలగలేదు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. నీ కథానాయకుడు తిరిగి వచ్చింది తన పదో ఏటికి కదా. అంటే గురువు బతికే ఉన్నాడు! పక్క గదిలో నిద్రపోతున్నాడు. తన కళ్ల ముందే చచ్చిపోయిన మనిషి పొద్దున్నే లేచి, "ఇంకా పడుకున్నావా?" అని కసురుకుంటే ఆ పిల్లవాడికి ఎలా ఉంటుంది? నువ్వు ఆ సన్నివేశమే రాయలేదు. లేచీ లేవగానే వాడి చేతిలో కత్తి పెట్టి శత్రువుల ఇంటికి పంపేశావు. ఈ కథలో అంతకు మించిన సన్నివేశం నీకు మరొకటి దొరకదు.

ఈ కథల్లో చచ్చి తిరిగిరావడం మూడు రకాలని కొరియా పాఠకులు స్పష్టంగా విడదీస్తారు. తన గతంలోకే వెనక్కి వెళ్లడం ఒకటి, ఇంకొకరి ఒంట్లో మేలుకోవడం ఒకటి, మళ్లీ పుట్టడం ఒకటి. ఈ మూడింటిలో దుఃఖం ఒకేలా ఉండదు. నీకు ఇష్టమైన ‘రిటర్న్ ఆఫ్ ది మౌంట్ హువా సెక్ట్’నే తీసుకో. బిగా అనే కలంపేరుతో రాసే రచయిత 2019లో వెబ్ నవలగా మొదలుపెట్టిన కథ అది, 2021లో వెబ్‌టూన్ అయింది. కథానాయకుడు చుంగ్ మ్యుంగ్ తన బద్ధశత్రువు తల ఆరంభంలోనే నరికేసి, తానూ అక్కడే ప్రాణం విడుస్తాడు. నూరేళ్ల తర్వాత బిచ్చమెత్తుకునే ఒక పిల్లవాడి ఒంట్లో మేలుకుంటాడు. పగ తీరిపోయాక మొదలైన కథ! శత్రువు లేడు, తనవాళ్లూ లేరు. ఎవరి కోసం ప్రాణమిచ్చాడో ఆ శాఖ అప్పుల్లో కూరుకుపోయి ఉంది.

అక్కడ రచయిత చేసిన పని చూడు. కొండ మీదికి అప్పులవాళ్లు వచ్చి కూర్చుంటారు. వాళ్ల మెడలు విరిచెయ్యడం మనవాడికి పెద్ద కష్టం కాదు. కానీ ఆ గొడవ తెగ్గొట్టేది పాత లెక్కల పుస్తకాలు. శాఖకు రావలసినదేమిటో, ఎవరెవరు ఏం మింగారో అందులో రాసి ఉంటుంది. దాంతో లెక్క తిరగబడుతుంది. కత్తి దుయ్యకుండానే పగ తీరిన తృప్తి పాఠకుడికి దక్కుతుంది, ఎందుకంటే పోయిందేమిటో అతనికి ముందే తెలుసు. చుంగ్ మ్యుంగ్ వీలున్నప్పుడల్లా ఆకాశం వైపు చూసి, చనిపోయిన తన అన్నలాంటి సహాధ్యాయితో వాదులాడుతుంటాడు. ఆ మాటలు ఎక్కువగా నవ్వు పుట్టించే చోటే వస్తాయి. నవ్వు ఆగేలోపే అవతలి మనిషి లేడన్న సంగతి గుర్తుకొస్తుంది. ఈ పనితనం నేర్చుకో.

‘గోసు’ కూడా ఇలాంటి చిక్కుముడే. 2015లో మొదలైన ఆ వెబ్‌టూన్‌లో గురువు పగ తీర్చడానికే పెరిగినవాడు తీరా లోకంలోకి వచ్చేసరికి ఆ శత్రువులు ముందే చచ్చి ఉంటారు. పగ ఒక్కటే తెలిసినవాడు ఇక ఏం చెయ్యాలి? ఆ ప్రశ్న మీదే కథ నడిచింది.

నీది దీనికి తిరగేసిన చిక్కు, ఇంకా కష్టమైనది. నీ ఐదుగురు పెద్దలు ఇంకా ఏ నేరమూ చెయ్యలేదు. వాళ్లలో ఒకడు ఈ రోజుకి నిజంగానే మంచివాడై ఉండవచ్చు, పిల్లవాడికి మిఠాయి తెచ్చిపెట్టేవాడై ఉండవచ్చు. జరగని ద్రోహానికి శిక్ష వెయ్యవచ్చా? అంబ సంగతి వేరు. ఆమెకు అన్యాయం జరిగిపోయింది, భీష్ముడు బతికే ఉన్నాడు, మరుజన్మలోనూ ఇదంతా గుర్తుంటుందని శివుడు వరమిచ్చాడు. ఆమె పగకు సందేహం లేదు. నీ పిల్లవాడికి తన జ్ఞాపకం తప్ప సాక్ష్యం లేదు. పైగా వాడు వేసే ప్రతి అడుగుతోనూ వాడికి తెలిసిన భవిష్యత్తు మారిపోతుంది. మొదటి పెద్దను చంపిన మరుక్షణం నుంచి మిగతా నలుగురు ఏం చేస్తారో వాడికి తెలియదు. నీ స్క్రిప్టులో వాడు నాలుగో భాగంలోనూ అన్నీ తెలిసినవాడిలాగే తిరుగుతున్నాడు. అది సరిచెయ్యి.

ఇంకొకటి. రెండో భాగంలో వాడు ఒక మాత్ర మింగి మూడు గప్జాల అంతఃశక్తి సంపాదించాడని రాశావు. గప్జా అంటే అరవై ఏళ్ల చక్రం. మన ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న లెక్కే, మనం షష్టిపూర్తి చేసుకునే అరవై. మురిమ్ కథల్లో, అంటే ఇలాంటి కత్తివీరుల లోకపు కథల్లో, ఒక గప్జా శక్తి అంటే మనిషి అరవై ఏళ్లు కూర్చుని సాధన చేస్తే కూడే బలం. మూడంటే నూట ఎనభై ఏళ్లు. ఆ సంఖ్యను ఊరికే వాడెయ్యకు. ఒక్క గప్జా కోసం జీవితమంతా ధారపోసిన ముసలి శిష్యుణ్ణి ఎవరినైనా వాడి పక్కన నిలబెట్టు. పిల్లవాడు ఆ మాత్ర మింగుతున్నప్పుడు ఆ ముసలాయన ముఖం చూపించు.

కథకు వేగం కావాలి కదా అని నువ్వు అంటావు, నాకు తెలుసు. కొరియాలో వెబ్ నవల భాగం ఒక్కొక్కటి సుమారు 5,000 అక్షరాలు, ఖరీదు సాధారణంగా 100 వోన్లు. ప్రతి భాగానికీ పాఠకుడు విడిగా డబ్బు పెడుతున్నాడు కాబట్టి ఓపిక తక్కువ. గొంతుకు అడ్డం పడే కథను అక్కడివాళ్లు చిలగడదుంప అంటారు, ఒక్కసారిగా హాయినిచ్చే ఘట్టాన్ని సైడర్ అంటారు, అక్కడ దొరికే చల్లని సోడా అది. నువ్వు నాలుగు భాగాలూ సైడరే పోశావు. దాహం వేసేలా చెయ్యకుండా పోస్తే ఎవరు తాగుతారు?

బొమ్మల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇది ఫోనులో వేలితో పైకి జరుపుతూ చదివే కథ. రెండు గడుల మధ్య వదిలే ఖాళీయే కాలం. ‘లెజెండ్ ఆఫ్ ది నార్తర్న్ బ్లేడ్’లో పునర్జన్మ లేదు, తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు కాపలా నడుమ మనసులో మాట బయటపెట్టకుండా పెరుగుతాడు. ఆ మౌనం బొమ్మల్లో ఎలా సాగిందో చూడు. నీ స్క్రిప్టులో ప్రతి గడిలోనూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. చిత్రకారుడికి చోటు వదలాలి. "ఇక్కడ మాటల్లేవు, పొడవాటి ఖాళీ" అని రాస్తే అదీ రచనే.

ఇప్పుడు మూడు, నాలుగు భాగాలు పక్కన పెట్టు. రెండో భాగం మళ్లీ రాయి. పిల్లవాడు లేచాడు, గురువు ఎదురుగా ఉన్నాడు. అన్నం తినే చోట ఆ ఐదుగురు పెద్దల్లో ఒకరు వచ్చి కూర్చోవాలి, చేతిలో కత్తి ఉండకూడదు. పిల్లవాడు ఏ నిజమూ చెప్పకూడదు. ఈ ఒక్క భాగం చాలు, రాసిన వెంటనే పంపించు, చదివి జవాబు రాస్తాను.

ప్రేమతో,
మీ అన్నయ్య