సెకండ్ హ్యాండ్ జర్మన్ కారు నమ్మొచ్చా? ముందు ఇంజన్ కోడ్ అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎనిమిదేళ్ల నాటి జర్మన్ కార్లు రెండు చూసి పెట్టుకున్నారు. ఒకటి తక్కువ తిరిగిన డీజిల్, ఇంకోటి దానికి రెట్టింపు తిరిగిన పెట్రోల్. బ్రాండ్ ర్యాంకులు, మీటర్ రీడింగ్ చూసి డీజిల్ వైపు మొగ్గుతున్నారు. ఆ లెక్క సరైనదేనా అని అడిగారు.

నేను మెకానిక్‌ని కాదు. కానీ చాలా ఏళ్లుగా పాత జర్మన్ కార్లే వాడుతున్నాను. తెలిసినవాళ్లు కొనేముందు ఒకసారి వచ్చి చూడమంటే వెళ్తుంటాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: "ఆడీ నమ్మొచ్చా, బీఎమ్‌డబ్ల్యూ నమ్మొచ్చా" అన్నదానికి అసలు జవాబు లేదు. ఒకే బ్రాండులో, ఒకే మోడల్ పేరుతో, చూడటానికి ఒకేలా ఉండే రెండు కార్లలో ఒకటి ఏళ్ల తరబడి నోరెత్తకుండా నడుస్తుంది, ఇంకోటి మీ జేబు ఖాళీ చేస్తుంది. తేడా బోనెట్ కింద ఉంటుంది.

ముందు ఆ ర్యాంకుల సంగతి. జర్మనీ నుంచి ఎక్కువగా వినబడేవి రెండు: టీయూవీ అనే వాహన తనిఖీ సంస్థ రిపోర్టు, ఏడీఏసీ అనే వాహనదారుల క్లబ్ బ్రేక్‌డౌన్ లెక్కలు. అక్కడ కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకు తప్పనిసరి తనిఖీ ఉంటుంది. ఆ తనిఖీలో దొరికిన లోపాల లెక్కే టీయూవీ రిపోర్టు. లైట్లు, బ్రేకులు, సస్పెన్షన్, ఆయిల్ లీకులు, పొగ లాంటివి అందులో పడతాయి. తనిఖీ చేసేవాడు ఇంజన్ విప్పడు, గేర్‌బాక్స్ లోపల ఏముందో చూడడు. పోర్షే 911 ఆ రిపోర్టులో ఎన్నోసార్లు పైస్థానంలో నిలిచింది. అదే 911లో 1990ల చివరి నుంచి 2008 దాకా వచ్చిన కొన్ని ఇంజన్లకు ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్) పెద్ద బెడద. అది విరిగితే ఇంజన్ మొత్తం పోయినట్టే. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో ఆ షాఫ్టునే తీసేశారు. కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు, తక్కువ తిప్పేవాళ్లు ఎక్కువగా కొనే మోడల్ తనిఖీలో బాగా కనబడటం వింతేమీ కాదు.

ఏడీఏసీది వేరే కథ. రోడ్డు మీద ఆగిపోయి సాయం కోసం వచ్చిన ఫోన్ల లెక్క అది. వాటిలో అన్నిటికంటే ఎక్కువ కనబడే కారణం 12 వోల్టుల బ్యాటరీ. బ్యాటరీ మార్చుకుంటే పోయే సమస్య, ఇంజన్ దించాల్సిన సమస్య ఆ లెక్కలో ఒక్కో ఫోన్ కిందే వస్తాయి. కాబట్టి ఆ పట్టికలు చదవండి, పనికిరానివి కావు. కానీ వాటిని పట్టుకుని ఒక ఫలానా కారు కొనేయకండి.

ఇక అసలు విషయం, ఇంజన్ కోడ్. అంటే ఆ ఇంజన్ రకానికి కంపెనీ పెట్టుకున్న పేరు. డిక్కీ మీదున్న బ్యాడ్జి నమ్మకండి. బీఎమ్‌డబ్ల్యూ 320డీ నే తీసుకోండి. ఎన్47 అనే డీజిల్ ఇంజన్లో టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) వెనకవైపు, అంటే గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. 2007 నుంచి 2011 మధ్య తయారైనవాటిలో ఆ చైన్, దాని గైడ్లు త్వరగా అరిగిపోతాయని బాగా పేరుపడింది. చైన్ ధర పెద్దది కాదు, దాని దగ్గరికి చేరడానికి గేర్‌బాక్సో ఇంజనో దించాలి, ఖర్చంతా అక్కడే. తర్వాత అదే 320డీ పేరుతో బీ47 వచ్చింది. చైన్ అప్పటికీ వెనకే ఉంది కానీ ఆ పాత గోల చాలావరకు తగ్గింది. అలాగని బీ47 కడిగిన ముత్యమేం కాదు. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపేముందు చల్లబరిచే ఈజీఆర్ కూలర్ నుంచి కూలెంట్ కారి మంటలంటుకునే ప్రమాదముందని 2018లో బీఎమ్‌డబ్ల్యూ డీజిల్ కార్లకు పెద్ద రీకాల్ ఇచ్చింది. మీరు చూసే కారుకు ఆ పని అయిందో లేదో వీఐఎన్ (ఛాసిస్) నంబర్‌తో కనుక్కోండి. లోపమున్న టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్ కూడా అదే చేత్తో చూసేయండి.

ఆడీ, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలు పంచుకునే ఈఏ888 పెట్రోల్ ఇంజన్ కూడా ఇంతే. రెండో తరంలో, ముఖ్యంగా 2009-2011 ప్రాంతంలోవి ఆయిల్ తాగుతాయి. పిస్టన్ రింగుల డిజైనే కారణం. చైన్ టెన్షనర్ సమస్య కూడా వాటికే ఉంది. మూడో తరం చాలా మెరుగు. అందులో మిమ్మల్ని పలకరించేది సాధారణంగా ప్లాస్టిక్ వాటర్ పంప్, థర్మోస్టాట్ హౌసింగ్ నుంచి కూలెంట్ లీకు. అది ఖర్చే కానీ ఇంజన్ పోయేది కాదు, సమయానికి చూసుకుంటే. అదే గ్రూపు 1.4 టీఎస్ఐ పెట్రోల్‌లో ఈఏ111 చైన్‌తో వచ్చేది, 2012 నుంచి వచ్చిన ఈఏ211 బెల్ట్‌తో వస్తుంది. బెల్టంటే భయపడేవాళ్లున్నారు గానీ, ఈ రెండింట్లో నేను కళ్లు మూసుకుని బెల్టు దాన్నే తీసుకుంటాను.

మెర్సిడెస్‌లో ఎం272 వీ6 తొలి ఇంజన్లకు బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్లు అరిగేవి. 2008 నుంచి వచ్చిన ఓఎం651 డీజిల్ తొలి బ్యాచీల్లో ఇంజెక్టర్లు గొడవ చేశాయి. మరోవైపు బీఎమ్‌డబ్ల్యూ ఎన్52 లాంటి టర్బో లేని ఆరు సిలిండర్ల ఇంజన్ చూడండి. ఎలక్ట్రిక్ వాటర్ పంప్, అక్కడక్కడా గాస్కెట్ లీకులు తప్పిస్తే ఈ రోజుక్కూడా జనం వెతికి కొంటున్నారు. ఇదంతా బట్టీ పట్టమని కాదు. మీరు చూసే కారు ఇంజన్ కోడ్, తయారైన నెల తెలుసుకుని, ఆ కోడ్‌కు పేరుపడ్డ జబ్బులేమిటో వెతికి పెట్టుకున్నాకే అమ్మేవాడి దగ్గరికి వెళ్లండి.

గేర్‌బాక్సూ అంతే ముఖ్యం. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు వాడే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీ అంటే ఒక్కటే కాదు. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీక్యూ200 వేరు, ఆరు గేర్ల వెట్ క్లచ్ (క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండేది) డీక్యూ250 వేరు. డీక్యూ200 కోసం ఫోక్స్‌వ్యాగన్ 2013లో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను రీకాల్ చేసి సింథటిక్ ఆయిల్ బదులు మినరల్ ఆయిల్ పోసింది. డీక్యూ250కి 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి. మార్చినట్టు బిల్లుందా అని అడగండి. జడ్‌ఎఫ్ వాళ్ల ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ మాత్రం నాకు నచ్చిన గేర్‌బాక్స్. దాని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీలు చెప్పుకొచ్చాయి, తయారుచేసిన జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. "జీవితాంతం" అంటే ఎవరి జీవితాంతమో మరి! మొదటి ఓనరుది అయ్యుంటుంది.

సర్వీస్ పుస్తకం దగ్గర ఎక్కువ సేపు కూర్చోవలసింది కూడా ఇందుకే. ఆయిల్ మార్చడానికి 30,000 కిలోమీటర్లు లేదా రెండేళ్లు అన్న లాంగ్‌లైఫ్ లెక్క ఉంది చూశారూ, కాగితం మీద తప్పులేదు. హైవే మీద నిదానంగా పరుగెత్తే కారుకు సరిపోతుంది కూడా. ట్రాఫిక్‌లో నత్తనడక నడిచే టర్బో ఇంజన్‌కు అది చాలా ఎక్కువ. చైన్, టర్బో, పిస్టన్ రింగులు అన్నీ ఆ ఆయిల్ మీదే బతుకుతాయి. అందుకే నేను స్టాంపులు లెక్కపెట్టను, స్టాంపుల మధ్య దూరం చూస్తాను. పది, పదిహేను వేలకోసారి ఆయిల్ మార్పించిన బిల్లులు, మీద ఏ గ్రేడ్ పోశారో రాసి ఉంటే ఆ కారు మీద నాకు సగం నమ్మకం వచ్చేసినట్టే. ఒకసారి నేను చూడ్డానికి వెళ్లిన కారు మీటర్ చూసి తోడొచ్చిన స్నేహితుడు వెనక్కి తిరిగిపోదామన్నాడు. ఓనరు లోపల్నుంచి ఫైలు పట్టుకొచ్చాడు. వాటర్ పంప్ ముందుగానే మార్చిన బిల్లు, గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లు, చివరికి బ్రేక్ ఫ్లూయిడ్ బిల్లు కూడా తేదీల వారీగా ఉన్నాయి. ఆ కారే కొన్నాం, ఇప్పటికీ తిరుగుతోంది.

ఇక చల్లటి స్టార్ట్. ఇది మాత్రం వదలకండి. "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే ఫోన్లో చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మాటలు చెప్పి టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్లనివ్వకండి. ఇంకో రోజు వస్తామని లేచిపోండి. అరిగిన చైన్ గుట్టు చాలాసార్లు బయటపడేది చల్లటి ఇంజన్ అందుకున్న మొదటి రెండు మూడు సెకన్లలోనే. గలగలమని గొలుసు చప్పుడు వచ్చి ఆగిపోతుంది. వేడెక్కిన ఇంజన్‌లో అది వినబడకపోవచ్చు. ఒక అమ్మకందారు నేను వెళ్లేసరికే ఇంజన్ ఆన్ చేసి, "ఏసీ చల్లబడుతుందని" పెట్టానన్నాడు. మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లి స్టార్ట్ చేయిస్తే ఆ చప్పుడు వీధంతా వినబడింది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు వెనక నిలబడి పొగ కూడా చూడండి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెప్తుంది. ఆయిల్ మూత విప్పి లోపల నల్లటి జిగట పేరుకుందేమో చూడండి. చాలా బీఎమ్‌డబ్ల్యూ ఇంజన్లకు డిప్‌స్టిక్కే ఉండదు, లెవల్ స్క్రీన్ మీదే చూడాలి, అదీ ఇంజన్ వేడెక్కాక. కాబట్టి దాన్ని టెస్ట్ డ్రైవ్ చివర్లో పెట్టుకోండి.

టెస్ట్ డ్రైవ్‌లో వేగం కన్నా నిదానమే ఎక్కువ చెప్తుంది. డీఎస్‌జీ ఉంటే బ్రేక్ వదిలి దానంతటది పాకనివ్వండి, చిన్న ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించండి. వణికినా, తడబడినా క్లచ్‌లో గానీ, గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్ మెకట్రానిక్స్‌లో గానీ ఏదో ఉంది. స్టీరింగ్ మొత్తం తిప్పి రివర్స్ చేయండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే ముందు రాత్రి ఆపిన చోటే ఎలా నిలబడిందో చూడాలి. ఒక మూల కూలబడి ఉంటే గాలి పోతోందన్నమాట. కిటికీలు, సన్‌రూఫ్, సీటు మోటార్లు, వెనక కెమెరా ఒక్కసారి నొక్కి చూసేయండి, అంతే.

స్కానర్ పెట్టించడం తప్పనిసరి. కారులోని ఓబీడీ సాకెట్‌కు తగిలించే మామూలు పరికరం ఇంజన్ లోపాల కోడ్లే చూపిస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకు వీసీడీఎస్, బీఎమ్‌డబ్ల్యూకి ఇస్టా, మెర్సిడెస్‌కి జెంట్రీ లాంటి ప్రత్యేక స్కానర్లు ఉన్నవాళ్లయితే గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్లన్నీ చదువుతారు. అన్నీ శుభ్రంగా ఉంటే సంతోషపడిపోకండి, రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) చూడమనండి. అవి అసంపూర్తిగా ఉంటే ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపేశారనో, బ్యాటరీ తీశారనో అర్థం. కిలోమీటర్లు డాష్‌బోర్డులోనే కాదు, చాలా కార్లలో వేరే మాడ్యూళ్లలో కూడా నమోదై ఉంటాయి, కొన్ని బీఎమ్‌డబ్ల్యూల్లో తాళంచెవిలో కూడా. అంకెలు కలవకపోతే బేరం అక్కడే ఆపేయండి.

లిఫ్ట్ మీదకెక్కించాక రబ్బరు, ప్లాస్టిక్ చూడాలి. వీటికి వయసే శత్రువు, తక్కువ తిరిగిందన్న మాట వీటి దగ్గర చెల్లదు. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్, వాల్వ్ కవర్ గాస్కెట్, కూలెంట్ ట్యాంక్, గొట్టాల చివర్లు చూడండి. టైర్లు కూడా చూడండి, నా లెక్కలో అవి ఓనరు జాతకం. ఖరీదైన కారుకు నాలుగు చక్రాలకు నాలుగు రకాల చవక టైర్లు వేసినవాడు గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించి ఉంటాడా? ఎక్స్‌డ్రైవ్ లాంటి నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న కారైతే టైర్ల అరుగుదలలో తేడా ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను కూడా తినేస్తుంది.

ఖర్చు గురించి ఒక్క మాట. ఏనుగును చవగ్గా కొన్నంత మాత్రాన మేత చవగ్గా రాదు. కారు ధర ఏటేటా పడిపోతుంది, స్పేర్ పార్టుల ధర కొత్త కారుదే. అందుకే కారు కంటే ముందు మెకానిక్‌ని వెతుక్కోండి. ఆ ఇంజన్ కోడ్ చెప్పి "దీన్ని మీరు చూస్తారా, ఇంతకుముందు విప్పారా" అని అడగండి. అతను మొహం చిట్లిస్తే ఆ కారు మీకు కాదు.

ఇక మీ రెండు కార్లు. తక్కువ తిరిగిన డీజిల్‌ని నేను అనుమానంగానే చూస్తాను. ఎనిమిదేళ్లలో అంత తక్కువ తిరిగిందంటే రోజూ చిన్న చిన్న దూరాలే నడిచి ఉండొచ్చు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే ఇంజన్ కాసేపు వేడిగా నడవాలి. మధ్యలో ఆపేస్తూ పోతే ఫిల్టర్ పూడుకుంటుంది, డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. స్కానర్లో మసి, బూడిద ఎంత పేరుకుందో, చివరి రీజనరేషన్, అంటే అలా కాల్చి శుభ్రం చేసుకోవడం, ఎప్పుడు పూర్తయిందో చూడమనండి. మీకు కూడా రోజువారీ ప్రయాణం చిన్నదే అయితే ఆ అంకెలు బాగున్నా డీజిల్ వద్దంటాను.

పెట్రోల్ కారుకు ఆయిల్ బిల్లులు పదిహేను వేల లోపు దూరంలో ఉండి, చల్లటి స్టార్ట్ నిశ్శబ్దంగా ఉంటే దానివైపే నా ఓటు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మేది) అయితే ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకుని ఉండొచ్చు. ఐడిల్‌లో వణుకు ఉందేమో గమనించి, ఉంటే ఆ శుభ్రం చేయించే ఖర్చు బేరంలో తగ్గించమనండి. రెండు కార్ల ఇంజన్ కోడ్లు, గేర్‌బాక్స్ రకం, తయారైన నెల ఇక్కడ పెట్టండి. వాటికి ప్రత్యేకంగా ఏం చూడాలో నాకు తెలిసింది చెప్తాను.